దండ ఆయనకు, పదో గంట కార్మికుడికి

ఫ్యాక్టరీలో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో చరిత్రలో కలిసిపోతోంది. 2025 జూన్‌లో మంత్రివర్గం ఆమోదించిన సవరణకు శాసనసభ కూడా ముద్ర వేసింది. ఇక పది గంటలు. ఇంతకాలం ఐదు గంటలు పనిచేస్తే విరామం ఇవ్వాల్సి ఉండేది, ఇప్పుడు ఆరు గంటల తర్వాత ఇస్తే చాలు. మూడు నెలలకు 75 గంటలున్న ఓవర్‌టైమ్ పరిమితి 144 గంటలైంది. తెలంగాణ కూడా వెనకబడలేదు. వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతిస్తూ జూలై 5న జీవో ఇచ్చింది. అంతకు ఐదు రోజుల ముందే పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు బలయ్యారు. ఆ జీవో ఫ్యాక్టరీలకు వర్తించదు, నిజమే. అయినా చితులు ఆరకముందే ఒక ప్రభుత్వానికి తోచిన కార్మిక సంస్కరణ ఇది!

ఈ జీవో వెలువడింది డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సచివాలయం నుంచి. ఆ పేరుకు, ఆ పనికి మధ్య ఉన్న దూరమే మా ఆగ్రహానికి కారణం.

అంబేద్కర్ అంటే రాజ్యాంగం ఒక్కటే కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయనదే. 1934 నాటి బ్రిటిష్ ఫ్యాక్టరీల చట్టం ఏడాది పొడవునా నడిచే కర్మాగారాల్లో రోజుకు పది గంటలు, వారానికి 54 గంటలు పని చేయించుకోనిచ్చేది. 1946లో ఆయన తెచ్చిన సవరణతో అది రోజుకు తొమ్మిది, వారానికి 48 గంటలకు దిగింది. 1948 చట్టంలోని తొమ్మిది గంటల హద్దుకు మూలం అక్కడే ఉంది. అంటే అమరావతిలో ఇప్పుడు చెరిపేసింది అంబేద్కర్ గీసిన గీతనే. సంస్కరణ అని చెప్పి తిరిగి చేరుకున్నది 1934కి. దీనికి ఆధునికత అని పేరు కూడా పెట్టారు.

ప్రభుత్వం చెప్పే సమాధానం తెలిసిందే. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇస్తారు, కార్మికుడు ఒప్పుకుంటేనే అదనపు పని, పెట్టుబడులు వస్తే ఉద్యోగాలు వస్తాయి. మంత్రిగారైతే ఏకంగా ప్రపంచీకరణ పేరే చెప్పారు. అన్ని రాష్ట్రాలూ అదే దారిలో ఉన్నాయట.

మూడు నెలల 144 గంటలను పదమూడు వారాలకు పంచితే వారానికి పదకొండు గంటలు. 48కి కలిపితే 59. ఇక సమ్మతి సంగతి. అచ్యుతాపురం సెజ్‌లోనో శ్రీసిటీలోనో పనిచేసే కాంట్రాక్టు అమ్మాయి తెల్లవారకముందే వండుకుని, టిఫిన్ బాక్సుతో ఆరున్నరకల్లా రోడ్డు మీదికి వచ్చి కంపెనీ బస్సు కోసం నిలబడుతుంది. పది గంటల పని, మధ్యలో విరామం, రానూపోనూ ప్రయాణం అయ్యేసరికి ఇల్లు చేరేది రాత్రికే. సూపర్‌వైజర్ కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమంటే ‘నాకు ఇష్టం లేదు’ అనగలదా? రేపు గేటు దగ్గర పాస్ పనిచేయదని ఆమెకు తెలుసు. ఇప్పుడు రాత్రి షిఫ్టులకూ తలుపు తెరిచారు. దానికీ ఆమె సమ్మతే ఆధారమట.

పొరుగు రాష్ట్రం పదన్నది కాబట్టి మనమూ పది అంటున్నాం. మనం పదన్నామని రేపు ఇంకొకరు పన్నెండంటారు. పెట్టుబడిదారుడు కదలకుండా కూర్చుంటే రాష్ట్రాలే ఒకరి మీద ఒకరు వేలం పాట పాడుతున్నాయి, కార్మికుడి ఒంటిని తాకట్టు పెట్టి. ప్రపంచ స్థాయి నిబంధనలని గొప్పగా చెప్పేవారు ప్రపంచ స్థాయి జీతాల ఊసు మాత్రం ఎత్తరు.

విగ్రహాలు పెట్టినవారు వేరు, గంటలు పెంచినవారు వేరు అని పార్టీలు తప్పించుకోజూస్తాయి. ఆ వాదన చెల్లదు. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో, 81 అడుగుల పీఠంపై 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ‘సామాజిక న్యాయ మహాశిల్పం’ అంటూ అప్పటి వైసీపీ ప్రభుత్వం ఆవిష్కరించింది. ఆ రోజుకి అంగన్‌వాడీ కార్యకర్తలు జీతం పెంచమని నెలకు పైగా సమ్మెలో ఉన్నారు. అంతకు దాదాపు రెండు వారాల ముందు వారి మీద, సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది కూడా అదే ప్రభుత్వం. 1938లో బొంబాయి శాసనసభలో పారిశ్రామిక వివాదాల బిల్లు వచ్చినప్పుడు, సమ్మెను నేరం చేయడమంటే కార్మికుణ్ని బానిసను చేయడమేనని వాదించింది అంబేద్కరే. ఆ నవంబరు 7న దానికి వ్యతిరేకంగా సమ్మెకు దిగిందీ ఆయన పార్టీయే. మహాశిల్పం కింద శిలాఫలకం చెక్కించినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఈ విద్య మనవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. 1968 ఏప్రిల్ 4న హత్యకు గురైన మార్టిన్ లూథర్ కింగ్ ఆ రోజు మెంఫిస్‌లో ఉన్నది చెత్త ఎత్తే నల్లజాతి కార్మికుల సమ్మెకు అండగా. ఆయన పుట్టినరోజును జాతీయ సెలవు చేస్తూ 1983లో సంతకం పెట్టిన రీగన్, అంతకు రెండేళ్ల ముందు సమ్మె చేసిన పాపానికి 11 వేల మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను ఉద్యోగాల్లోంచి ఊడబీకారు. పౌరహక్కుల వీరుణ్ని ఆయన నిలబడ్డ జనం నుంచి విడదీస్తే మిగిలేది సెలవు రోజే. మన దగ్గర విగ్రహం మిగిలింది.

ఇక్కడ ప్రతిపక్షం చేసిందేమిటి? ఆంధ్రలో అది అసలు సభకే వెళ్లదు. ప్రతిపక్ష హోదా కావాలని పట్టుబట్టి కూర్చున్నవారు పదో గంట గురించి ఏం మాట్లాడతారు? కార్మిక సంఘాలు, వామపక్షాలు తప్ప రోడ్డెక్కినవారు లేరు. ఎమ్మెల్యేల వేతనాల బిల్లు అయితే ఎంత హుషారుగా ఉంటారో మనం చూడనిది కాదు.

సవరణను, జీవోను రెండు ప్రభుత్వాలూ వెనక్కి తీసుకోవాలి. అది చేతకాకపోతే, ఏప్రిల్ 14న క్రేన్ ఎక్కి దండ వేసే ముఖ్యమంత్రులు, మంత్రులు, మాజీలు ఆ రోజు ఉపన్యాసంలో కార్మికుల మాట ఎత్తకుండా ఉండండి. ఆ పాటి సిగ్గయినా మిగుల్చుకోండి.