వేళ్లు గుచ్చితే పక్షవాతం తగ్గదు, టైమ్ పోతుంది

ఫ్యామిలీ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఎవరికైనా పక్షవాతం వస్తే కదిలించకుండా ఉన్నచోటే కూర్చోబెట్టాలట. సూదిని మంట మీద కాల్చి పది వేళ్ల కొనలూ గుచ్చి, ఒక్కో చుక్క రక్తం పిండాలట. మూతి వంకరపోతే చెవులు ఎర్రబడేదాకా లాగి తమ్మెలకూ గుచ్చాలట. మనిషి తేరుకున్నాకే ఆసుపత్రికి తీసుకెళ్లాలట. చైనా ప్రొఫెసర్ పద్ధతి అని చివర్లో ఒక తోక. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు, కాదనను. అయినా ఒక్కో ముక్కా చూద్దాం.

"కదిలిస్తే మెదడులో రక్తనాళాలు పగిలిపోతాయి."

మెసేజ్ మొత్తంలో ప్రమాదకరమైన మాట ఇదే. సూదిపోటు వల్ల వేలు నొప్పెడుతుంది, అంతే. ఈ మాట మాత్రం మనిషిని ఇల్లు కదలనివ్వదు. ఎక్కువ స్ట్రోకులు నాళం పగిలి రావు, రక్తం గడ్డ అడ్డుపడి వస్తాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ 3 గంటల్లోపు ఇస్తే మేలని 1995లో అమెరికా పరిశోధన తేల్చింది. 2008లో యూరప్ పరిశోధనతో ఆ గడువు నాలుగున్నర గంటలైంది. గడువుంది కదా అని నింపాదిగా ఉండలేం. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అంచనా. నాళం పగిలిన కేసే అనుకున్నా, బీపీ దించడం, అవసరమైతే ఆపరేషన్ చేయడం ఇంట్లో అయ్యే పనులు కావు. ఏ రకమో సీటీ స్కాన్ తీస్తేగానీ డాక్టరుకైనా తెలియదు. అందుకే ఇంట్లో యాస్ప్రిన్ కూడా వేయకూడదు.

ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో 1998లో రోగి ఆసుపత్రికి చేరాక ఈ ఇంజెక్షన్ పడేసరికి 105 నిమిషాలు పట్టేది. 2011కి అది 20 నిమిషాలకు దిగింది. కొత్త మందేదో వచ్చి కాదు. అంబులెన్స్ సిబ్బంది దారిలోనే ఫోన్ చేసి చెప్పడం, రోగిని నేరుగా స్కాన్ టేబుల్ దగ్గరికే తీసుకెళ్లి మందు అక్కడే ఎక్కించడం నేర్చుకున్నారు. అక్కడ అంత కష్టపడి మిగిల్చిన నిమిషాలు మనం వేళ్లు పిండుతూ పోగొట్టుకుంటామా?

"రక్తం కారితే మెదడులో ఒత్తిడి తగ్గుతుంది."

షుగర్ టెస్టుకు తీసేదీ ఆ చుక్కే. దానివల్ల మెదడులో ఇరుక్కున్న గడ్డ కదలదు. చైనా సంప్రదాయ వైద్యంలో వేళ్ల కొనల నుంచి రక్తం తీసే పద్ధతి ఉన్నమాట నిజమే. దాంతో స్ట్రోక్ నయమవుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. చెవుల సంగతి సరేసరి.

"మా బాబాయికి ఇలాగే చేశాం, పది నిమిషాల్లో లేచి కూర్చున్నాడు."

అబద్ధం కాకపోవచ్చు. గడ్డ కాసేపు అడ్డుపడి దానంతటదే కరిగిపోయే మినీ స్ట్రోక్ ఒకటుంది. సూది గుచ్చినా, గుచ్చకపోయినా లక్షణాలు పోతాయి. క్రెడిట్ సూదికి దక్కుతుంది. చిక్కేమిటంటే, అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. ఇలాంటివారికి వెంటనే చికిత్స మొదలుపెడితే, 90 రోజుల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చేవారు 10 శాతం నుంచి 2 శాతానికి తగ్గారని 2007లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధన చూపింది. లేచి కూర్చున్న బాబాయినీ ఆ రోజే తీసుకెళ్లాలి.

మెసేజ్‌లో లేకపోయినా మన ఇళ్లలో జరిగే పని ఇంకోటుంది: గ్లాసుడు నీళ్లు తాగించడం. స్ట్రోక్ వచ్చినవారికి మింగడం పట్టుతప్పి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లలో జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. జ్వరం, షుగర్, మింగడం, ఈ మూడూ చూసుకునేలా నర్సులకు శిక్షణ ఇచ్చినచోట 90 రోజులకు చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడ్డవారు కలిపి 42 శాతం. మిగతాచోట్ల 58.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేసి "పక్షవాతంలా ఉంది" అనే చెప్పండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. ఆలస్యమైందని మాత్రం ఆగిపోవద్దు. పెద్ద గడ్డను సన్నని గొట్టంతో బయటికి లాగే చికిత్స కొందరికి 24 గంటల దాకా పనికొస్తుందని 2018లో తేలింది. రోగి చివరిసారి ఎన్నింటికి మామూలుగా ఉన్నారో రాసుకోండి. డాక్టరు మొదట అడిగేవాటిలో అదొకటి. నిద్రలో వచ్చిందంటే, పడుకునే ముందు బాగున్న టైమ్ చెప్పాలి, లేచిన టైమ్ కాదు.