మందుల రిజిస్టర్‌లోని టిక్కు గారికి

కర్నూలు

మహారాజశ్రీ టిక్కు గారికి,

మా మేనత్త ఉంటున్న వృద్ధాశ్రమంలో మందుల రిజిస్టర్ తిరగేశాను. ఏ గడి చూసినా మీరే. నెల పొడుగునా ఒక్కరూ మాత్ర వద్దనలేదు, ఒక్కరూ కక్కుకోలేదు! మా అత్త సంగతి నాకు తెలీదా? మాత్రను బుగ్గన దాచి, ఇచ్చినమ్మ అటు తిరగ్గానే కిటికీలోంచి ఉమ్మేసే రకం. మీ లెక్కలో అవన్నీ కడుపులోకే పోయాయి.

పొద్దున పది కాకముందే రాత్రి మందు గడిలో వచ్చి కూర్చున్నారు. అంతకంటే గొప్ప మహిమ ఇంకోటుంది. జ్వరంతో మా అత్త ఆసుపత్రి మంచం మీదున్న రోజుల్లో కూడా ఆశ్రమంలో మాత్రలన్నీ వేళకు వేసుకుందట. సాక్షి మీరే. ఇదేందని ఆశ్రమం వాళ్ళను అడిగితే, "టిక్కు పెట్టినాం కదా సార్, ఇంకేం టెన్షను?" అన్నారు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసి, కనీసం అరగంట ఆగాలి. ఉగ్గాని, బజ్జీ తిన్నాక వేసినా మీ వంకర ఒకటే. ఆసుపత్రి చీటీలో ఎల్ట్రాక్సిన్, పాత డబ్బాలో థైరోనార్మ్ ఉంటే చెరో వరుసలోనూ దర్జాగా వెలుస్తారు. రెండూ ఒకే మందు, లెవోథైరాక్సిన్. కంపెనీ పేరు పక్కన ఆ అసలు పేరు కూడా రాసుంటే డబుల్ డోసు అక్కడే దొరికిపోయేది.

కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ దగ్గర మాత్రం మీతో నవ్వులాట కుదరదు. అది వారానికి ఒక్కరోజే వేయాలి. రోజూ వేస్తే ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. ఖాళీ గడి కనిపిస్తే మీరు ఆగలేరు కాబట్టి, మిగతా ఆరు రోజుల గడులూ ముందే అడ్డంగా కొట్టేయాలి.

ఇక మన వైపు మద్దిలేటిలకూ ఈరన్నలకూ కొరతా? ఒకే పేరువాళ్ళు ఇద్దరుంటే మీరు ఎవరి మాత్రకు సాక్ష్యమో దేవుడికే తెలియాలి. పేజీ మీద ఫొటో అంటించడానికి ఎంత ఖర్చవుతుందో!

నైట్ డ్యూటీ పిల్లను నేనేమీ అనను. అంతమందికీ ఒక్కతే తిరిగి, చివర్లో కూలబడి, గుర్తున్నంత వరకు మిమ్మల్ని వరసగా గీస్తుంది. గడి ఖాళీగా ఉంటే తిట్లు పడతాయి, నిండుగా ఉంటే ఎవరూ ఏమీ అడగరు. "వద్దంది, వేయలేదు" అని నిజం రాసిన పిల్లకు సంజాయిషీ అడిగే యాజమాన్యం ఉన్నంతకాలం మీ పదవికి ఢోకా లేదు.

అయినా మా డిమాండు చెప్పుకుంటాం. మీ చోట ఇచ్చిన మనిషి పొట్టి సంతకం, టైము ఉండాలి. అదీ మింగడం కళ్ళారా చూశాకే. వేయకపోతే ఎందుకో ఒక్క ముక్క రాయాలి. అన్నం ముట్టని షుగర్ మనిషికి ఇన్సులిన్ పొడిచే ముందు డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పింది అక్కడే రాయాలి. ఆపేసిన మందు మీద గీత, తేదీ చాలు. వైట్‌నర్ పూస్తే ఒప్పుకోం.

మీ ఉద్యోగం ఊడగొట్టమనడం లేదు. అదే ఆశ్రమంలో పాల ప్యాకెట్ల లెక్క పుస్తకం ఉంది. రేపే పోయి అందులో చేరండి.

ఇట్లు,
ఆదివారాలు చూడ్డానికొచ్చే మేనల్లుడు