ఫ్రిజ్‌లో పెడితే లిస్టీరియా నిద్రపోదు

బంధువుల గ్రూపులో, స్నేహితుల గ్రూపులో ఒకటే మెసేజ్: ‘బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ థర్మామీటర్ ఉంటుంది. చలికి అది ఆఫ్ అవుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టిన తిండి ఎన్నాళ్లయినా తినొచ్చు. జ్వరం వేడికి ఆ ఆర్‌ఎన్‌ఏ కరిగి బ్యాక్టీరియా చస్తుంది, మందులు వద్దు. వేడినీళ్లు తాగండి.’

వేడినీళ్లు తాగితే ఒంటి ఉష్ణోగ్రత మారిపోదు. ఆ ముక్క అక్కడికి వదిలేద్దాం.

ఫ్రిజ్ మాటను మాత్రం వదలను. దీన్ని పంపినవాళ్లలో ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్లూ ఉన్నారు.

థర్మామీటర్ ఉన్నమాట నిజమే, ఒప్పుకుంటాను. చలికి ఆఫ్ అవుతుందన్నదీ నిజమే. లిస్టీరియా అంటే తిండి ద్వారా ఒంట్లోకి చేరి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా. మన కణాల్లోకి చొరబడేందుకు అది వాడే దాడి జన్యువులకు పీఆర్‌ఎఫ్‌ఏ అనే ప్రొటీన్ మేస్త్రీ లాంటిది. 30 డిగ్రీల దగ్గర ఆ ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి భాగం మడతపడి, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ పట్టుకునే చోటును మూసేస్తుంది. ఈ మడతే థర్మామీటర్. 37 డిగ్రీలకు మడత విడిపోయి ప్రొటీన్ తయారవుతుంది. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాస్కాల్ కొస్సార్ బృందం 2002లో దీన్ని చూపించింది. మ్యుటేషన్లతో ఆ మడతను బలహీనపరిస్తే తక్కువ ఉష్ణోగ్రతలోనే లిస్టీరియా కణాల్లోకి చొరబడింది.

కానీ చలికి ఆగేది దాడి జన్యువులు, పెరుగుదల కాదు! 4 డిగ్రీల్లోనూ లిస్టీరియా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఆ తిండి తిన్నాక అది చేరేది ఎక్కడికి? 37 డిగ్రీల కడుపులోకి. థర్మామీటర్ గురించి ఇంత రాసినవాళ్లకు మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఎంతో తెలియదా? గర్భిణికి పైకి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులే ఉండొచ్చు. లోపల బిడ్డ ప్రాణం పోవచ్చు. లక్షణాలు వారాల తర్వాత బయటపడొచ్చు కాబట్టి ఏ తిండి వల్లో కూడా గుర్తుండదు. దక్షిణాఫ్రికాలో 2017-18లో పోలోనీ అనే రెడీమేడ్ మాంసం వల్ల వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పసికందులు ఎందరో.

ఇక జ్వరం సంగతి. వేడికి విడిపోయేది మడత. ఆర్‌ఎన్‌ఏ కరిగిపోదు, బ్యాక్టీరియా చావదు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చే నైసీరియా అనే బ్యాక్టీరియాలో జరిగేది ఇంకా దారుణం. వేడి పెరిగేకొద్దీ దాని థర్మామీటర్లు తెరుచుకుని, మన రోగనిరోధక వ్యవస్థ నుంచి కాపాడే పైతొడుగు ఎక్కువగా తయారవుతుంది. 2013లోనే ఇది తేలింది. మెడ బిగుసుకుని జ్వరంతో ఉన్న పిల్లాడికి మందులు వద్దని చెప్పడానికి మనసెలా వచ్చింది?

మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెట్టండి, కానీ ఒకటి రెండు రోజుల్లోనే పొగలు వచ్చేదాకా వేడిచేసి తినేయండి. ఆ మెసేజ్ పంపినవాళ్లు దాన్ని డిలీట్ చేసి ఊరుకోకండి. గర్భిణులున్న ఇళ్లకు ఫోన్ చేసి, అది తప్పని మీ నోటితో చెప్పండి.