కారుకు లస్కరు ఎవరు?

నిరుడు నేను కొన్న సెకండ్‌హ్యాండ్ కారు అంతకుముందు హైదరాబాదులో నాలుగేళ్లు తిరిగింది. ఆర్‌సీ, బీమా నా పేరు మీదికి మారాయి. యాప్ మాత్రం మారలేదు. మూడు నెలల పాటు అమలాపురంలో నా వాకిట్లో ఉన్న కారు తలుపు తీసే మీట పాత యజమాని ఫోనులోనే ఉంది. షోరూములో అడిగితే, ‘ఆయన్నే తీసేయమనండి’ అన్నారు. ఆయన పెద్దమనిషి, తీసేశాడు.

కారులో ఇంజను, బ్రేకుల కంప్యూటర్లు మాట్లాడుకునే తీగ పేరు క్యాన్ బస్. 1986లో బాష్ దానిని బయటపెట్టేనాటికి కారుకు బయటి ప్రపంచంతో పొత్తు లేదు. సందేశం ఎవరు పంపారని ఆ తీగ అడగదు. అంతా ఇంట్లోవాళ్లే, గడియ ఎందుకనుకున్నారు. తర్వాత అదే ఇంటికి సిమ్‌కార్డుతో వీధి తలుపు పెట్టారు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే భద్రతా పరిశోధకులు ఆ తలుపులోంచే దూరి, హైవే మీద పోతున్న జీప్ చెరోకీకి ఇంట్లో కూర్చునే వేగం అందకుండా చేశారు. జీప్ తయారుచేసే ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించి, ఆ లోపం సరిచేసే సాఫ్ట్‌వేర్‌తో యజమానులకు పెన్‌డ్రైవ్‌లు పంపింది. ఎక్కడి నుంచో వచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చవద్దని మనకు చెప్పేదీ ఇలాంటి కంపెనీలే!

యజమాని జాగ్రత్తపడాలి, కీలెస్ తాళం రేకు డబ్బాలో పెట్టుకోవాలి అంటారు. తప్పు సలహా కాదు. ఇంట్లో ఉన్న తాళం సంకేతాన్ని గోడ అవతలి నుంచి అందుకుని కార్లు ఎత్తుకుపోయే దొంగలున్నారు. కానీ ధవళేశ్వరం నీళ్లు తాగే డెల్టాలో ఈ వాదన చెల్లదు. లాకుల దగ్గర షట్టరు తుప్పుపట్టి ఊడిపోతే, దిగువ రైతును ‘నువ్వెందుకు కాపలా కాయలేదు?’ అని ఎవరూ నిలదీయరు. దానికి కాలువ కాపలా ఉద్యోగి లస్కరు ఉన్నాడు, అతని మీద ఇరిగేషన్ శాఖ ఉంది.

వాహనాల సైబర్ భద్రత మీద ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఆర్155 నిబంధన ఈ కాపలా బాధ్యతను తయారీదారుకే అప్పగించింది. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి కొత్త కార్లకు అది తప్పనిసరి. మన దగ్గరా ఏఐఎస్-189 పేరుతో ఇలాంటి ప్రమాణం రాసుకున్నారు. నా బెంగ భీమవరం చెరువుగట్ల మీద పదేళ్లుగా తిరుగుతున్న కార్ల గురించి. టైరు మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేస్తారు. సాఫ్ట్‌వేర్ మరమ్మతులు ఏ సంవత్సరం దాకా అందుతాయో కొనుగోలు బిల్లులో ఎందుకు రాయరు? ఆర్‌సీ మారిన రోజే పాత ఫోను తెగిపోయే ఏర్పాటూ తయారీదారే చేయాలి. రేపు నేను ఈ కారు అమ్మితే, కొన్నవాడు నా నంబరు వెతుక్కుంటూ తిరగకూడదు.