అందరికీ పెసరట్టు

డిసెంబరులో మా కంపెనీ టీమ్ లీడర్లందర్నీ ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్లి ‘సమృద్ధి మనస్తత్వం’ నేర్పించింది. శిక్షకుడు బోర్డు మీద గుండ్రంగా ఒకటి గీసి, “ఉన్నది ఇదొక్కటే, పక్కవాడికి పెద్ద ముక్క పోతే నాకు తగ్గుతుంది అనుకోవడమే కొరత మనస్తత్వం. అందరికీ సరిపడా ఉందనుకోవడం సమృద్ధి మనస్తత్వం. అమెరికా రచయిత స్టీఫెన్ కవీ 1989లోనే చెప్పాడు” అన్నాడు. నాకది పెసరట్టులా కనిపించింది. ఒంటిగంట కావస్తోంది మరి. భోజనానికి తలా ఒక కూపన్ ఇచ్చి, పోగొట్టుకుంటే రెండోది ఇవ్వం అన్నారు. షుగరు మనిషిని కాబట్టి ఖుబానీ కా మీఠా వైపు చూడకుండా వచ్చేశాను.

మా టీములో ఆ అట్టు పేరు సంక్రాంతి సెలవు. ఉన్నది 11 మంది. 8 మందివి గోదావరి, కృష్ణా జిల్లాలు. మిగతా ముగ్గురిదీ హైదరాబాదే, కానీ వాళ్లకి గాలిపటాలున్నాయి. ఏటా చీట్లు వేసి నలుగుర్ని ఆపేవాణ్ని. ఆ నలుగురూ ఉగాది దాకా నాతో మాట్లాడేవారు కాదు. ఈసారి 11 దరఖాస్తులూ ఒక్క ఊపున మంజూరు చేసేశాను. చప్పట్లు కొట్టారు. ఎవరో ఒకరు మొహమాటపడి తామే ఉండిపోతారని నా ఆశ. ఉండిపోయింది నేను. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్తూ, “అల్లుడేడీ అంటే ఏం చెప్పను?” అంది.

“నాయకత్వం అని చెప్పు.”

“అదేదో జబ్బనుకుంటారు.”

భోగి పొద్దున్నే బిల్లింగ్ సర్వర్ పడుకుంది. అమెరికా క్లయింటుకి భోగీ లేదు, కనుమా లేదు. అధికారం పంచమన్నారు కదా అని పాస్‌వర్డు కూడా పంచేశాను, నా దగ్గరేం లేదు. మొదట ఫోన్ చేసినవాడు రాత్రనగా బయల్దేరి ఇంకా హైదరాబాదు దాటాక వచ్చే పంతంగి టోల్‌గేటు దగ్గరే ఉన్నాడు. రెండోవాడు భీమవరం దగ్గర ఏదో బరి పక్కన దొరికాడు. పాపం, ఆ గోలలోనే పాస్‌వర్డు ఒక్కో అక్షరం చెబుతున్నాడు. సగంలో “కొట్టు! కొట్టు!” అని వినిపించింది. ఎంటర్ కొట్టాను. తప్పంది. మళ్లీ మొదలెట్టాం, మళ్లీ “కొట్టు!”, మళ్లీ కొట్టాను. మూడోసారికి ఖాతాకి తాళం పడింది. మావాడు నన్ను “కొట్టండి సార్” అంటాడే గానీ “కొట్టు” అనడని, అది కోడికి చెప్పిన మాటని అప్పుడు వెలిగింది.

చివరికి గాలిపటాల బృందంలో ఒకడు డాబా మీంచే ఫోన్లో తాళం తీశాడు, దారం వదలకుండా. కనుమ నాడు ఒక్కరైనా రండర్రా అంటే, “ఆ రోజు కాకి కూడా కదలదు కదా సార్” అన్నారు.

ముక్కనుమ దాటాక దిగారు. నా బల్ల మీద 11 డబ్బాలు. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, కాజాలు. “అన్నీ మీకే సార్” అన్నారు. డాక్టరు నాకు రెండేళ్ల కిందటే కొరత రాసిచ్చాడు. మూతలు తీసి ఆఫీసంతా పంచేశాను.

గాలిపటాలవాళ్లు తెచ్చిన సకినాలు మాత్రం సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను.