1776 అని ఉంటే చాలు, కోట్లేనా?

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మొదట పుస్తకాల గ్రూపులో చూశాను, వారం తిరక్కుండా అమెరికాలో ఉన్న మా బావమరిది కూడా పంపాడు. అందులో ఉన్నది ఇది: "థామస్ పెయిన్ రాసిన కామన్ సెన్స్ 1776లో ఒక్క ఏడాదిలోనే 5 లక్షల కాపీలు అమ్ముడుపోయింది. ఇలాంటి తిరుగుబాటు రాతల్ని ప్రభుత్వం వెతికి వెతికి తగలబెట్టించింది, అందుకే అవి ఇవాళ అరుదు. 1776 అని ఉన్న కాపీ మీకు దొరికిందా, కోటీశ్వరులే. చదువుకోవడానికైతే స్కాన్ చాలు, అసలు ప్రతి డబ్బున్నవాళ్ల సరదా."

బ్రిటిష్ రాజు నుంచి అమెరికా వలసలు విడిపోవాలని వాదించిన చిన్న పుస్తకం ఈ కామన్ సెన్స్. పెయిన్ అంటే నాకు ఇష్టమే. ఇష్టం ఉన్నంత మాత్రాన లెక్క తప్పితే ఊరుకోలేం కదా.

ముందు ఆ 5 లక్షలు. అప్పటి అమెరికా వలసల్లో పసిపిల్లలతో కలిపి జనాభా సుమారు 25 లక్షలు. వారిలో దాదాపు 5 లక్షల మంది బానిసలు, చదువుకునే వీలే లేనివాళ్లు. అంటే మెసేజ్ ప్రకారం ఐదుగురికో కాపీ. ఆ ఏడాది అమెరికాలో ఈ పుస్తకం 25 ముద్రణల దాకా వచ్చిందని గ్రంథసూచికారులు (పాత పుస్తకాల ముద్రణలను జాబితా చేసేవాళ్లు) లెక్కగట్టారు. చేత్తో తిప్పే అచ్చుయంత్రం మీద ఒక ముద్రణ అంటే మామూలుగా వెయ్యి, రెండు వేల ప్రతులు. బాగా ఉదారంగా మూడు వేలు వేసుకున్నా 75 వేలు దాటదు. పెయిన్ స్వయంగా చెప్పుకున్నది కూడా మొదట 1,20,000, తర్వాత 1,50,000. తన పుస్తకం గురించి గొప్ప చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కాదాయన. ఆయన నోటే రాని 5 లక్షలు తర్వాతి జీవితచరిత్రల పుణ్యం. జనం దాన్ని గట్టిగా చదివి ఒకరికొకరు వినిపించుకున్నారన్నది నిజం. వినడం వేరు, కొనడం వేరు.

ఇక తగలబెట్టడం. తగలబెట్టారు, అబద్ధం కాదు. బ్రిటిష్ రాజు ప్రసంగాన్ని దుయ్యబట్టిన పార్లమెంటు సభ్యుడు జాన్ విల్క్స్ పత్రిక నార్త్ బ్రిటన్ 45వ సంచికను 1763 డిసెంబరులో లండన్ రాయల్ ఎక్స్ఛేంజి దగ్గర తలారి చేత కాల్పించబోయారు. జనం ఎగబడి గలాటా చేశారు. 45 అనే అంకె ఊరంతా నినాదమైపోయింది. ఆ సంచికను మళ్లీ మళ్లీ అచ్చేశారు. మంటకు ఎక్కిన కాగితమే జనానికి ఎక్కువగా చేరింది.

పెయిన్ రాసిన ఇంకో పుస్తకం 'రైట్స్ ఆఫ్ మ్యాన్' సంగతి ఇంకా విచిత్రం. 1791 ఫిబ్రవరిలో జోసెఫ్ జాన్సన్ అనే ప్రచురణకర్త దాన్ని అచ్చేసి, భయపడి వెనక్కి తగ్గాడు. మార్చిలో జోర్డన్ అనే ఇంకొకాయన తన పేరుతో విడుదల చేశాడు. పాత పుస్తకాలు సేకరించేవాళ్లు కలలు కనేది జాన్సన్ పేరున్న ఆ కొద్ది ప్రతుల కోసం. వాటిని అరుదు చేసింది ప్రభుత్వం పెట్టిన నిప్పు కాదు, ఒక వ్యాపారి గుండెదడ.

చాలా పాంప్లెట్లు (ఇలాంటి చిన్న పుస్తకాలు) పోయింది చవకగా ఉన్నందువల్ల. లండన్‌లో థామస్ స్పెన్స్ పేదల కోసం పెన్నీకి అమ్మినలాంటి కాగితాలకు అట్ట ఉండదు, దారంతో నాలుగు కుట్లు. చదివాక ఎవరు దాస్తారు? పేస్ట్రీ కొట్లకు, పెట్టెల లోపలి అస్తరుకు పోయేవి. పకోడీ పొట్లం విప్పి ఎవరిదో పరీక్ష పేపరు చదివిన మనకు ఈ ముచ్చట విడమర్చి చెప్పాలా?

పైగా నిషేధం కాపాడిన సందర్భాలూ ఉన్నాయి. కేసు పెట్టాలంటే సాక్ష్యం కావాలి, సాక్ష్యమంటే ఒక కాపీ దాచాలి. 1790ల్లో రాజద్రోహం కేసుల కోసం ప్రభుత్వ న్యాయవాదులు పోగేసినవి ఇప్పటికీ లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మన దగ్గరా అంతే. తెల్లవాళ్లు నిషేధించిన కరపత్రాలు, పాటల పుస్తకాలు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లోనూ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ మిగిలాయి, తెలుగువి కూడా.

మూడో మాట, 1776 కథ. దీంతోనే జనం మోసపోతున్నారు కాబట్టి కాస్త ఓపిగ్గా చెబుతాను. కామన్ సెన్స్ మొదటి ముద్రణ ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బెల్ అనే ముద్రాపకుడు వేశాడు, ధర రెండు షిల్లింగులు, రచయిత పేరు లేదు. ముఖపత్రం మీద ఏడాది రోమన్ అంకెల్లో ఉంటుంది. లాభాల్లో తన వాటాతో సైనికులకు చేతి తొడుగులు కొనిద్దామనుకున్నాడు పెయిన్. లాభమే రాలేదు పొమ్మన్నాడు బెల్. గొడవపడి పెయిన్ బ్రాడ్‌ఫర్డ్‌లు అనే వేరే ముద్రాపకుల దగ్గరికి వెళ్లి, కొత్త భాగాలు చేర్చి, సగం ధరకు వేయించాడు. బెల్ ఊరుకున్నాడా? అనుమతి లేకుండా ఇంకో ముద్రణ దించాడు. అంతటితో ఆగక, పెయిన్‌ను ఖండిస్తూ వచ్చిన ప్లెయిన్ ట్రూత్ అనే పాంప్లెట్‌ను కూడా తనే అచ్చేసి అమ్ముకున్నాడు. వ్యాపారం అంటే అదీ! ఇవన్నీ 1776వే. వీటి మధ్య ధరలో భూమ్యాకాశాల తేడా. అదే ఏడాది లండన్ ముద్రణలో ప్రచురణకర్త జాన్ ఆల్మన్ రాజును తిట్టిన చోట్ల మాటలు తీసేసి ఖాళీలు వదిలేశాడు. కొన్న కొందరు ఆ ఖాళీలను సొంత చేతిరాతతో పూరించుకున్నారు.

మా స్నేహితుడొకడు ఆన్‌లైన్‌లో కొన్న "అసలు 1776 కాపీ" తెచ్చి చూపించాడు. గోధుమ రంగు, ముట్టుకుంటే అంచులు పెళపెళ రాలుతున్నాయి. పాతదనడానికి అదే రుజువని వాడి ధీమా. నాకైతే ఆ రంగే అనుమానం. ఆ రోజుల్లో కాగితం గుడ్డ పీలికలతో చేసేవారు. సరిగా ఉంచితే రెండున్నర వందల ఏళ్లకూ మెత్తగానే ఉంటుంది. ఇలా పొడి రాలేది 19వ శతాబ్దం మధ్య నుంచి వచ్చిన చెక్కగుజ్జు కాగితం. ఆకును దీపానికి అడ్డంగా పట్టి చూశాం. ఆనాటి కాగితమైతే వరసగా సన్న గీతలు, అంగుళానికి ఒకటి చొప్పున నిలువు గీతలు కనపడాలి, ఏమీ లేవు. వెనకవైపు వేలితో తడిమితే అచ్చు అక్షరాలు నొక్కిన గుర్తు తగలాలి, నున్నగా ఉంది. వెన్ను దగ్గర కుట్టు కోసం దబ్బనంతో పొడిచిన రంధ్రాలూ లేవు. పాత కాగితంలా కనిపించేలా చేసి జ్ఞాపికగా అమ్మే నకలు అది. వాడి టెన్షన్ చూసి ఈ మాట మెల్లగా చెప్పాల్సి వచ్చింది.

స్కాన్ చాలన్నదాంట్లో సగం నిజం ఉంది. నేనూ స్కాన్‌లోనే చదివాను, చదవడానికి అదే సుఖం. కానీ స్కాన్ ఒకే ఒక్క ప్రతికి తీసిన ఫోటో. ఆల్మన్ వదిలిన ఖాళీల్లో ఎవరు ఏం రాసుకున్నారో, ఎవరు భయపడి రాయకుండా వదిలేశారో ఒక్కో ప్రతి తిరగేస్తేనే తెలుస్తుంది.

డబ్బున్నవాళ్ల సరదా అన్నది బెల్ మొదటి ముద్రణ విషయంలో ఒప్పుకుంటాను. పెయిన్ మీద దండెత్తిన జవాబు పాంప్లెట్లు, 1810ల చివర్లో లండన్ ప్రచురణకర్త రిచర్డ్ కార్లైల్ మళ్లీ వేసి జైలుకెళ్లిన పెయిన్ పుస్తకాలు మాత్రం అంత అందనివి కావు. కొనేవాళ్లు అమ్మేవాడిని ముఖపత్రం ఫోటో ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఒక ఆకును వెలుగుకు అడ్డంగా పట్టి తీసిన ఫోటో, వెన్ను దగ్గర ఫోటో కూడా అడగండి. మా వాడు ఆ నకలును పటం కట్టించి హాల్లో పెట్టాడు, కింద మాత్రం "నకలు" అని రాయించాడు.