ప్రైమర్ లేకపోతే రంగు నిలవదు
ప్లైవుడ్ నేలకు ప్రైమర్ (రంగు గట్టిగా పట్టేందుకు ముందు వేసే పూత) అక్కర్లేదు, నేరుగా రంగు వేసి గీతలు గీస్తే చెక్క పలకల్లాగే ఉంటుందని ఓ వ్యాసంలో రాశారు. చూడ్డానికి ఉంటుంది, కానీ నిలవదు. మిర్యాలగూడలో మా దుకాణం పైన ఇనుప యాంగిళ్ల మీద 19 ఎంఎం ప్లైవుడ్ పరిచి చిన్న గది చేయించుకున్నాం. మొదటిసారి ప్రైమర్ లేకుండానే వేశాం. రెండు నెలలకే నడిచే దారిలో రంగు పొరలు పొరలుగా లేచింది. అదంతా గీకేసి, అతుకుల్లో, మేకుల గుంతల్లో లప్పం నింపి, గరుకు కాగితంతో రుద్ది, తడి బట్టతో దుమ్ము తుడిచి, ఆరాక ప్రైమర్ కొట్టాం. షీటు అంచులకు కూడా పట్టించాలి, నీళ్లు ముందుగా దిగేది అక్కడి నుంచే. తర్వాత రంగు, ఐదు అంగుళాలకో సన్నని ముదురు గీత, పైన పాలియురేథేన్ క్లియర్ (రంగును కాపాడే పారదర్శక వార్నిష్) మూడు పూతలు. పలకల చివరలుగా కనిపించేలా గీసే అడ్డగీతలు మాత్రం పక్కపక్క వరుసల్లో ఒకే చోట రాకూడదు, వస్తే పలకల్లా కాదు, టైల్స్‌లా కనిపిస్తుంది. ఇంకో మాట, మన నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం పని పెట్టుకోవద్దు. బ్రష్ మళ్లీ ముంచేలోపే రంగు ఆరిపోయి అతుకు చారలు పడతాయి. మేం తెల్లారి ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేవాళ్లం. మూడేళ్లయింది, మెట్ల దగ్గర తప్ప ఎక్కడా చెక్కు లేవలేదు.